కొలతను గుర్తుపెట్టుకునే యంత్రం

నాయుడుపేట నుంచి శ్రీకాళహస్తి దాటి తిరుపతి వైపు వెళ్తే, దేవుడి బొమ్మలు చెక్కే మాధవమాల అనే ఊరు వస్తుంది. అలాంటి బొమ్మలకు శిల్పశాస్త్రం చెప్పే తాళమానంలో కొలతలన్నీ ఒకే కొలత నుంచి పుడతాయి. నవతాళ విగ్రహం ఎత్తు 108 అంగుళాలు, ముఖం 12. ఈ అంగుళం విగ్రహాన్ని బట్టి మారుతుంది. దాన్ని 5 మిల్లీమీటర్లుగా తీసుకుంటే ముఖం 60, ఎత్తు 540. 6గా తీసుకుంటే 72, 648. ఒక్క అంకె మారిస్తే బొమ్మంతా సర్దుకుంటుంది.

సీఎన్‌సీ రౌటర్‌పై తలుపులు, అల్మారాలు చేసే షాపులకు ఈ పద్ధతి చేతిలోనే ఉంది. ప్రోగ్రాంలో అంకెలకు బదులు వేరియబుల్స్ రాయడమే అది.

వీటిలో రకాలున్నాయి. ఫానుక్ కంట్రోలర్‌లో #100 నుంచి #199 వరకు దాచిన విలువలు మెషిన్ ఆపగానే పోతాయి. #500 నుంచి మొదలయ్యేవి మాత్రం కరెంటు తీసేసినా నిలిచి ఉంటాయి. లినక్స్‌సీఎన్‌సీలో ఈ పని ఒక ఫైల్ చేస్తుంది. 31 నుంచి 5000 వరకు నంబర్లలో మనకు కావాల్సినవాటిని, సాఫ్ట్‌వేర్ మూసి ఉన్నప్పుడు, వరుస తప్పకుండా ఆ ఫైల్‌లో చేర్చాలి. చేర్చని నంబరు మర్నాటికి గుర్తుండదు.

అల్మారా పక్కచెక్కలో అర కూర్చునే గాడినే చూద్దాం. ప్లైవుడ్ మీద 18 మిల్లీమీటర్లని రాసి ఉంటుంది, వెర్నియర్ పెడితే 17.6 చూపిస్తుంది. ఆ 17.6ను #501లో, బిట్ వ్యాసం 6ను #502లో, వదులు 0.2ను #503లో ఉంచాలి. గాడి నడిమి గీత నుంచి బిట్ ఇరువైపులా ఎంత జరగాలో యంత్రమే లెక్క కడుతుంది: మందానికి వదులు కలిపి, బిట్ వ్యాసం తీసేసి, సగం చేస్తే 5.9. సాన పట్టాక బిట్ 5.8కి తగ్గిందా? #502 ఒక్కటి మారిస్తే చాలు, జరుగుడు 6.0 అవుతుంది. ఆ బిట్‌తో నడిచే ప్రోగ్రాంలన్నీ ఆ నంబరునే చూస్తాయి కాబట్టి దేన్నీ మళ్లీ తెరవనక్కర్లేదు. పనివాడు మారినా, నెల గడిచినా అర సరిగ్గా కూర్చుంటుంది. ఈ పద్ధతి అసలు విలువ ఇదే.

గుర్తుండిపోవడంలో ప్రమాదమూ ఉంది. నిన్నటి 12 మిల్లీమీటర్ల పలక మందం #501లో అలాగే మిగిలిపోతే, ఇవాళ్టి చెక్కంతా పాడవుతుంది. అందుకే ప్రోగ్రాం మొదట్లోనే ఒక కాపలా వరుస ఉండాలి: #501 అనుకున్న హద్దుల్లో లేకపోతే ఆగిపోమని. ఫానుక్‌లో #3000కు విలువ ఇస్తే అలారం మోగి పని ఆగుతుంది. లినక్స్‌సీఎన్‌సీ వాడేవాళ్లు కంప్యూటర్‌కు యూపీఎస్ పెట్టుకోవడం మంచిది. సాఫ్ట్‌వేర్‌ను సరిగ్గా మూయకముందే కరెంటు పోతే కొత్త విలువ ఫైల్‌కు ఎక్కకపోవచ్చు.

అన్ని పనులకూ, అన్ని కంట్రోలర్లకూ ఇది పనికిరాదు. తలుపు మీది లతలూ నెమళ్లూ క్యామ్ సాఫ్ట్‌వేర్ రాసిన వేల వరుసల ఉత్త అంకెలు. అక్కడ వేరియబుల్స్‌తో లాభం తక్కువ. గ్రబుల్ 1.1 కంట్రోలర్లకు జి54 లాంటి సున్నా స్థానాలు గుర్తుంటాయి గానీ మన వేరియబుల్స్ అర్థం కావు. ఫ్రేములు, గాడులు, అతుకులు, బెజ్జాలు: రోజూ చేసే ఈ పనులకే దీని అవసరం ఎక్కువ.

మొదలుపెట్టేవాళ్లు మూడు నంబర్లతోనే మొదలుపెట్టండి. ఏ నంబరులో ఏముందో కాగితంపై రాసి కంట్రోలర్ పక్కనే అంటించండి.