ఏటి అడుగు పద్దు

తిరుమంగళంలో గుండారు ఒడ్డున పెరిగినవాళ్లకి ఏరంటే ఇసకే. నీళ్లు చుట్టపుచూపుగా వచ్చి పోతాయి. అలాంటి చోట కూర్చుని నేను అలాస్కాలోని కుపారుక్ నది అడుగున పాకే పురుగుల లెక్కలు చదువుతుంటాను. అక్కడ 1983 నుంచి ప్రతి వేసవిలో నీళ్లలో కాస్త భాస్వరం కలిపి, ఏమవుతుందో రాసుకుంటూ వచ్చారు. మొదట్లో రాళ్ల మీద పాచి బలిసింది. ఏడెనిమిదేళ్లు గడిచాక నీటి నాచు పెరిగి రాళ్లను కప్పేసింది, వాటి మీద బతికే పురుగుల కూర్పే మారిపోయింది. మూడేళ్ల గ్రాంటుతో వెళ్లినవాడు పాచి చూసి, వ్యాసం రాసి, ఇంటికి పోయేవాడు.

ఈ పురుగులు లెక్కపెట్టే పని చూస్తే ఏమంత గొప్పగా ఉండదు. ప్రవాహానికి ఎదురుగా వల నిలిపి, దాని ముందున్న రాళ్లను కాలితో కెలకాలి. కొట్టుకొచ్చినవాటిని తెల్ల ట్రేలో పోసి ఏరి, స్పిరిట్‌లో వేసి, కుటుంబాలవారీగా లెక్కపెట్టాలి. అదే చోటు, అదే నెల, అదే వల. పక్క మడుగులో ఎక్కువ దొరుకుతాయని తెలిసినా అటు పోకూడదు. అన్నిటికంటే కష్టం ఇదే అని నా అనుమానం.

సీసాలో పట్టిన నీళ్లు ఆ పూట సంగతే చెబుతాయి. పురుగు నెలల తరబడి ఆ నీళ్లలోనే కాపురముంటుంది. అందుకే బ్రిటన్‌లో మురుగును ఎంత తక్కువ తట్టుకుంటే అంత ఎక్కువగా పురుగుల కుటుంబాలకు మార్కులు వేశారు: చాలా స్టోన్‌ఫ్లై కుటుంబాలకు 10, మురుగునూ తట్టుకునే చిరొనమిడ్ పిల్లపురుగులకు 2, బురద ఎర్రలకు 1.

అయితే పేరు తెలియనిదాన్ని ఏ పద్దులో రాస్తాం? ఆ పేర్లు పెట్టే పని మనకు దగ్గర్లోనే జరిగింది. మదురైలోని మదురా కాలేజీలో కె.జి. శివరామకృష్ణన్ మేఫ్లైలనే దక్షిణాది ఏటి పురుగుల మీద పనిచేశారు. 1984లో ఆయన వర్ణించిన ఒకదాని పేరులో కుర్తాళం ఉంది: పీటర్సులా కోర్టాలెన్సిస్.

గుండారులో పురుగులు లెక్కపెడదామంటే మా పెదనాయన, "ముందు నీళ్లు లెక్కపెట్టరా" అన్నారు. ఎగతాళికే అన్నా, అందులో పనికొచ్చే మాట ఉంది. ఎండిపోయే ఏటి పద్దులో 'నీళ్లు లేవు' వేరు, 'నీళ్లున్నా ఏమీ పడలేదు' వేరు, 'మేం వెళ్లలేదు' వేరు. మూడింటికీ ఖాళీ గడే వదిలేస్తే పదేళ్ల తర్వాత చూసేవాడికి ఏమీ బోధపడదు. పైగా ఏరు ఎండినంత మాత్రాన అన్నీ చచ్చిపోవు. కొన్ని తడి ఇసక లోపలికి దిగిపోతాయి, కొన్ని గుడ్లుగా ఆగి ఉంటాయి, ఇంకొన్ని వేరే నీళ్ల నుంచి ఎగిరి వచ్చి గుడ్లు పెడతాయి. కొత్త నీరు వచ్చాక ఏవి ఎన్నాళ్లకు తిరిగొచ్చాయో రాసుకోవాలంటే నీరు వచ్చిన తేదీ కూడా కావాలి.

నన్నడిగితే, ఊరికి ఎగువన ఒక చోటు, దిగువన ఒక చోటు చాలు. అక్టోబరు వానలకు నీరు పారినప్పుడు కాలేజీ పిల్లలు దిగవచ్చు. కానీ డిగ్రీ మూడేళ్లే. వెళ్లిపోయే పిల్లలు ఒక్కసారైనా కొత్తవాళ్లతో కలిసి ఏట్లోకి దిగి, ఎంతసేపు కెలకాలో, ఎంత గట్టిగా కెలకాలో చూపించాలి. లేకపోతే మరుసటి ఏడు అంకెలు ఎగిరినా పడినా, మారింది ఏరో, కెలికిన కాలో తేల్చలేం.