రక్తశుద్ధి వాదము : హారీ పాటర్ కథలలో వంశము, మంత్రశక్తి

జె.కె. రోలింగ్ అను ఆంగ్ల రచయిత్రి 1997 నుండి 2007 వరకు ఏడు సంపుటములుగా ప్రకటించిన హారీ పాటర్ కథలను మన విద్యార్థులలో పెక్కుమంది చదివియుందురు. చదువనివారు చలనచిత్రములుగానైన చూచియుందురు. ఇవి వట్టి బాలవినోదములని పెద్దలు త్రోసివేయుట కలదు. కాని వీనిలో ఒక జీవశాస్త్ర ప్రశ్న మొదటినుండి తుదివరకు నడచుచున్నది. మంత్రశక్తి మనుష్యునకు ఎట్లు సంక్రమించును? దీనికి తప్పు సమాధానము చెప్పినవారే కథలో అధికారమునకు వచ్చి, నిరపరాధులను చెరసాలకు పంపుదురు. కావున ఆ సమాధానమును తరగతి గదిలో పరీక్షించి చూడవచ్చును.

ముందుగా కథలోని తెగలను తెలిసికొనవలెను. తాత ముత్తాతలనుండి అందరును మాంత్రికులేయని చెప్పుకొనువారు ‘శుద్ధరక్తులు’. మంత్రమెరుగని సామాన్యులకు ‘మగల్’ అని పేరు. మగల్ దంపతులకు ఒక్కొక్కప్పుడు మాంత్రిక సంతానము కలుగును. కథానాయకుని స్నేహితురాలు హెర్మయొనీ అట్టిది, ఆమె తల్లిదండ్రులు దంతవైద్యులు. ఇందుకు విరుద్ధముగా మాంత్రికుల ఇంట శక్తిలేని బిడ్డ పుట్టినచో ‘స్క్విబ్’ అందురు. మంత్రవిద్యా పాఠశాలలో ఊడ్చి తుడుచు పనులు చూచు ఫిల్చ్ అట్టివాడు.

2005లో ఆస్ట్రేలియాకు చెందిన ముగ్గురు ‘నేచర్’ పత్రికకు జాబు వ్రాయుచు, మంత్రశక్తిని అంతర్గత లక్షణముగా భావించి పిల్లలకు మెండెల్ సూత్రములను బోధింపవచ్చునని సూచించిరి. అనగా తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, రెండు మంత్రజన్యువులు చేరినపుడే శక్తి బయటపడును. హెర్మయొనీ విషయము దీనితో సరిపడును: ఆమె తల్లిదండ్రులలో ఆ జన్యువు ఒక్కొక్కటి దాగియున్నచో, ప్రతి కాన్పునందును శక్తిగల బిడ్డ పుట్టుటకు నాలుగింట ఒక పాలు అవకాశము గలదు. ఫిల్చ్ వద్ద మాత్రము లెక్క తప్పును. అతని తల్లిదండ్రులకు రెండేసి మంత్రజన్యువులుండగా బిడ్డకును రెండు రాక తప్పదు కదా! అదే సంవత్సరము ఆ పత్రికలోనే మరి ముగ్గురు బదులు వ్రాసి, మంత్రశక్తి వంశానుగతమనుటకే కథలో తగిన ఆధారము లేదనిరి.

రచయిత్రి దానిని బహిర్గత జన్యువని పేర్కొనెను. అట్లైనచో ఫిల్చ్ పుట్టుక కుదురును, హెర్మయొనీ పుట్టుక చెడును. పూర్వమెన్నడో ఒక స్క్విబ్ మగల్‌ను పెండ్లాడగా, ఆ సంతతిలో తరువాత తరువాత శక్తి మేల్కొనునని ఆమె వివరణ. బహిర్గత జన్యువు స్క్విబ్‌లో ఉన్నచో బయటపడవలెను గదా యని విద్యార్థి ప్రశ్నింపవచ్చును; ఆ ప్రశ్న న్యాయమైనది. అయితే జన్యువుండియు లక్షణము కనబడకపోవుట ప్రకృతిలో లేకపోలేదు. ఆరవ వ్రేలు కొన్ని కుటుంబములలో బహిర్గత లక్షణముగా వచ్చుచు, నడుమ ఒక తరమును దాటిపోవుట వైద్యులు చూచిన విషయమే.

ఇక్కడ ఒక చిన్న లెక్క. వీస్లీ దంపతుల ఏడుగురు బిడ్డలును మాంత్రికులే. మంత్రజన్యువు బహిర్గతమై, తల్లికి ఒకటి, తండ్రికి ఒకటి మాత్రమే ఉన్నదనుకొందము. అందరును మాంత్రికులగు సంభావ్యత యెంత? మూడు బై నాలుగును ఏడుమార్లు గుణింపుడనినచో తరగతియంతయు గుణించును. కాని వారిలో ఫ్రెడ్, జార్జి ఏకరూప కవలలు. ఇద్దరును ఒకే సంయుక్తబీజమునుండి పుట్టినవారు. కావున ఆరుమార్లే గుణింపవలెను. వచ్చునది 729/4096, అనగా నూటికి దాదాపు 18. ఇది అంత అరుదు కాదు. ఒక్క కుటుంబమును చూపి మా వంశము శుద్ధమనువారికి ఈ లెక్క చూపవచ్చును.

ఐదవ సంపుటము (2003)లో ఇంతకన్న విలువైన దృశ్యమున్నది. బ్లాక్ వంశమువారి గోడమీది తెరపై వంశవృక్షము కుట్టబడియుండును. దానిలో అక్కడక్కడ కాలిన రంధ్రములు. ఇల్లు విడిచిపోయిన సిరియస్ పేరు, మగల్ సంతతివానిని వరించిన ఆండ్రొమెడా పేరు తగులబెట్టబడినవి. ప్రతికూలమైన అంశములను చెరిపివేసి, మిగిలినవానిని మాత్రము చూపినచో ఏ సిద్ధాంతమునైనను రుజువు చేయవచ్చును. ఏడు సంపుటములలోను రక్తశుద్ధి వాదమునకు ఇంతటి ఖండన మరియొకటి లేదని నా అభిప్రాయము. ఉపన్యాసము లేకుండ, ఒక కాలిన గుడ్డతో చెప్పినది.

శుద్ధి కొరకు తమలో తామే పెండ్లాడిన గాంట్ కుటుంబము ఆరవ సంపుటము (2005)లో ఉన్మాదముతోను దారిద్ర్యముతోను క్షీణించుట కనబడును. ఇది కల్పన కావచ్చును, కాని స్పెయిను రాజు రెండవ చార్లెసు (1661–1700) కల్పన కాడు. అతని తల్లి అతని తండ్రికి స్వయాన మేనకోడలు. మేనమామను పెండ్లాడు ఆచారము తెలిసిన తెలుగు చదువరులకు ఈ బంధుత్వమును విడమరచి చెప్పనక్కరలేదు. అట్టి వివాహమున బిడ్డకు అంతఃప్రజనన గుణకము, అనగా ఒక పూర్వీకుని ఒకే జన్యువు తల్లివైపునుండియు తండ్రివైపునుండియు వచ్చి జతపడు సంభావ్యత, 0.125. తరతరములుగా దగ్గరి సంబంధములే చేసికొనుటచే చార్లెసుకు అది 0.25 దాటినదని 2009లో ప్రకటింపబడిన పరిశోధన తేల్చినది. తోబుట్టువులకు పుట్టిన బిడ్డకుండునంత! అతడు రోగిష్ఠియై, సంతానము లేక 38 ఏండ్లకే మరణించెను.

శుద్ధరక్తుల రహస్య సంఘమువారు ముసుగులు ధరింతురు. వారి ఎడమ ముంజేతిపై ముద్ర ఉండును. వారి నాయకుడు వాల్డెమార్టు తండ్రియే మగల్. నాయకుని వంశవృక్షము చూపుమని ముసుగుల నడుమ ఎవడడుగగలడు?

చివరి సంపుటములో ఈ సంఘము ప్రభుత్వమును వశపరచుకొని, మగల్ సంతతివారిని నమోదు చేయించును. మంత్రశక్తి జన్మచేతనే వచ్చునని పరిశోధనలో తేలినదట. కావున మాంత్రిక పూర్వీకుని చూపలేనివాడు ఆ శక్తిని దొంగిలించియుండవలెనట! ఆధారము దొరకకపోవుటయే నేరమునకు ఆధారమైనది. ఇట్టి తర్కమును రచయిత్రి ఊహించి కల్పింపనక్కరలేకపోయెను. 1924లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రము జననములను జాతివారీగా నమోదు చేయించి, తెల్లవారు ఇతరులను పెండ్లాడుటను నిషేధించెను. ఆ నిషేధమును 1967లో గాని అచటి సుప్రీముకోర్టు కొట్టివేయలేదు. 1935లో నాజీలు చేసిన నూరెంబర్గు చట్టముల ప్రకారము, తాత అవ్వలు నలుగురిలో ముగ్గురైనను యూదులైనచో మనుమడు యూదుడే. ఆ తాత యూదుడని తెలియుట యెట్లు? రక్తమును పరీక్షించి కాదు, అట్టి పరీక్ష లేదు. అతడు యూదుల మతసమాజములో చేరియుండెనా యని చూచిరి. పేరు రక్తముది, సాక్ష్యము మతముది.

ఇంత చెప్పిన రచయిత్రియు ఒక చోట తప్పించుకొన్నది. మన జానపద కథలలో మాంత్రికుడు సాధన చేసి శక్తిని సంపాదించును. ‘పాతాళభైరవి’ (1951)లోని నేపాళ మాంత్రికుడు ఎంత దుష్టుడైనను తన తండ్రి పేరు చెప్పి శక్తి నడుగలేదు. రోలింగ్ కథలలో పుట్టుకతో లేనివానికి పాఠశాల ద్వారము తెరువబడదు. రెండవ సంపుటము (1998)లో ఫిల్చ్ తపాలా ద్వారా మంత్రములు నేర్చుకొనుటకు రహస్యముగా పాఠములు తెప్పించుకొనును. ఆ కవరు హారీ కంటబడినపుడు ముసలివాని ముఖము కందిపోవును. అది నవ్వుకొరకు వ్రాసిన ఘట్టము. అదే భవనములో ఎందరో ఉపాధ్యాయులున్నను, వారిలో ఒక్కరైనను అతనిని ఒక పూట తరగతిలో కూర్చుండుమని పిలువలేదు.