గూడు జారిన పిల్లకు ఆసరా
గూడు జారిన పక్షిపిల్లను బతికించేవాళ్లలో నేను మెచ్చుకునేది చెయ్యి చాచడానికి ముందు ఆగగలగడం. సిద్దిపేట కోమటిచెరువు గట్టున ఈకలొచ్చి గెంతుతున్న పిల్ల కనిపిస్తే, ఎగరడం నేర్చుకుంటోందని గుర్తించి తల్లికి వదిలేయడమే నేర్పరితనం. ఈకలు రానిదైతే తిరిగి గూట్లో పెట్టాలి. మనిషి తాకితే తల్లి రాదన్నది అపోహ. గూడు దొరకనప్పుడే వెచ్చని పెట్టె. ముందు ఒళ్లు వేడెక్కాలి, తర్వాతే తిండి. నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలపిట్ట పిల్లకు మిడతలు కావాలి, అన్నం మెతుకులు కాదు.

ప్రేమగా పెంచుకుంటే తప్పేమిటని అడుగుతారు. మనిషికి మాలిమైన పిట్ట పిల్లిని చూసినా బెదరకపోవచ్చు, తనజాతి తోడు వెతుక్కోకపోవచ్చు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రామచిలుకను సైతం పంజరంలో ఉంచనివ్వదు. అందుకే అటవీశాఖకు తెలిపి, తక్కువ ముట్టుకుని, రెక్కలు కుదరగానే వదిలేసేవాళ్ల ఓర్పుకు దండం పెడతాను.