పైడి జైరాజ్: రూపసంపద, అభినయ ప్రతిభ

కరీంనగర్‌లో 1909లో జన్మించిన పైడి జైరాజ్ 1929లో మూకీ చిత్రాల ద్వారా బొంబాయి తెరపై అడుగుపెట్టాడు. స్ఫురద్రూపం, దేహదారుఢ్యం ఆయనను కథానాయకుణ్ణి చేశాయి. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం లభించింది. తెలంగాణలో ఆయన ప్రస్తావన వచ్చినప్పుడు ఈ పురస్కారాన్నే ప్రతిభకు నిదర్శనంగా చూపడం పరిపాటి. కాని అది చిరకాల సేవకు గుర్తింపు. అభినయ విమర్శకు ప్రత్యామ్నాయం కాజాలదు. ఆయన అందగాడు మాత్రమేనా, నటుడు కూడానా అన్న ప్రశ్న మిగిలే ఉంది.

చతుర్విధాభినయాల దృష్టితో పరిశీలిస్తే కొంత స్పష్టత లభిస్తుంది. మూకీలో వాచికానికి తావు లేదు. భావభారాన్ని ప్రధానంగా ఆంగికమే మోయాలి. కనుక అక్కడ దేహసౌష్ఠవం అలంకారమాత్రం కాదు, నటుని సాధనం. 1931లో టాకీ వచ్చాక హిందుస్తానీ ఉచ్చారణ కుదరని మూకీ తారలు పలువురు వెనుకబడ్డారు. ఉర్దూ అధికారభాషగా ఉన్న నిజాం రాజ్యంలో పెరిగి, నిజాం కళాశాలలో చదివిన జైరాజ్ నిలదొక్కుకున్నాడు. దీనికి రూపమొక్కటే కారణమనలేము.

అయితే 'పృథ్వీరాజ్ చౌహాన్', 'టిప్పు సుల్తాన్' (1959) వంటి చారిత్రక వీరపాత్రలు ఆంగిక, ఆహార్యాలనే అధికంగా కోరాయి. అంతస్సంఘర్షణకు, తద్ద్వారా సాత్త్వికానికి, అవకాశం స్వల్పం. ఈ పరిమితి నటునిదా, పాత్రలదా అని తేల్చడం సులభం కాదు. భారతీయ మూకీ చిత్రాల్లో అధికభాగం నశించినందున ఆయన తొలిదశను తూచే ఆధారాలూ అరుదే. లభ్యమైనంత మేరకు చెప్పదగినది ఇది: ఆయన ఆంగికంలో సమర్థుడు, వాచికంలో సాధికారుడు, సాత్త్వికంలో తగిన పరీక్ష ఎదురుకానివాడు. జన్మభూమి అభిమానం ఇంతకుమించి కోరవచ్చు, విమర్శ కోరరాదు.