వంటగదిలోనుండి ఎమ్మాయు: చిత్రమును చూచుట నేర్చుకొనుటను గూర్చి కొన్ని తలంపులు

ప్రసంగములో చిత్రపటములను వాడుట నేడు మన సంఘములలో సాధారణమైపోయినది. తెరమీద చిత్రము కనబడగానే ఇది తప్పిపోయిన కుమారుడు, ఇది ప్రభురాత్రి భోజనము అని గుర్తుపట్టి, వెంటనే వాక్యములోనికి వెళ్లిపోతాము. అయితే గుర్తుపట్టుట వేరు, చూచుట వేరు. పేరు తెలిసిన క్షణముననే మన కన్ను పని మానివేస్తుంది. ఈ సంగతిని ఒక్క చిత్రము ఆధారముగా పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

స్పెయిన్ దేశపు చిత్రకారుడైన డియేగో వెలాస్కెస్ (1599-1660) తన స్వస్థలమైన సెవిల్ నగరములో, ఇంచుమించు 1618 ప్రాంతములో, ఒక పనిమనిషి చిత్రమును గీశాడు. అప్పటికి అతనికి ఇరవై యేండ్ల లోపో, అటుఇటుగానో ఉంటాయి. 55 సెంటీమీటర్ల ఎత్తు, 118 సెంటీమీటర్ల వెడల్పు గల ఈ చిత్రము 1987 నుండి డబ్లిన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఐర్లండ్‌లో ఉన్నది. చాలాకాలము దీనిని వట్టి వంటగది చిత్రముగానే ఎంచారు. 1933లో చిత్రమును శుభ్రపరచినప్పుడు పైపూత క్రింద, ఎడమవైపు పైభాగమున, మరొక దృశ్యము బయటపడింది. గోడలోని చిన్న తెరుపుగుండా యేసు బల్లయొద్ద కూర్చుండి కనిపిస్తాడు. అది ఎమ్మాయు భోజనము. ఎడమ అంచు కొంత కత్తిరింపబడినందున ఒక శిష్యుని చేయి మాత్రమే మిగిలింది.

మేము విద్యార్థులతో కలిసి దీని అచ్చుప్రతిని చూచినప్పుడు, అర్థము చెప్పకముందు కనబడుచున్నవాటిని మాత్రమే చెప్పాలని నియమము పెట్టుకొన్నాము. నల్లని మేనిఛాయ గల స్త్రీ, తలకు తెల్లని గుడ్డ. ఒక చేయి కూజామీద ఉన్నది. బల్లమీద రోలు, రోకలి, వెల్లుల్లి, గిన్నెలు, నలిగిన గుడ్డ. గోడకు వ్రేలాడుచున్న బుట్ట. ఆమె తల కొంచెము వంగి, ప్రక్కకు ఒరిగి ఉన్నది. భోజనపు బల్ల ఆమె వీపు వెనుక ఉన్నది గనుక ఆమె యేసును చూచుటలేదు. ఆమెకు ఏదైనా తెలిసితే అది వినుటవలననే తెలియాలి.

లూకా 24:13-35లో పనిమనిషి ప్రస్తావన లేదు. అయినంతమాత్రమున చిత్రకారుడు లేఖనమునకు ఏదో కలిపాడని త్వరపడి తీర్పుతీర్చనవసరము లేదు. ఆ సాయంకాలము బల్లమీద రొట్టె ఉన్నది. దానిని ఎవరో ఒకరు కాల్చారు. లూకా చెప్పక విడిచిన ఆ చోటునుండి కథను చూడుమని వెలాస్కెస్ మనలను అడుగుచున్నాడు. దారి పొడుగునా ప్రక్కన నడిచినవారే ఆయనను గుర్తుపట్టలేకపోయారన్నది ఆ వాక్యభాగములోని విషయమే. అయితే ఈమె విశ్వసించింది, ఆమె కన్నులు తెరవబడ్డాయి అని చెప్పుట హద్దు మీరుట. చిత్రము అంతవరకు చెప్పలేదు.

ఇక్కడ ఒక పోలిక ఉపయోగపడుతుంది. వెలాస్కెస్ పేరుతోనే షికాగోలోని ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇటువంటి మరొక చిత్రము ఉన్నది. అదే స్త్రీ, అటువంటి పాత్రలే. ఎమ్మాయు దృశ్యము మాత్రము లేదు. అక్కడ ఆ వంగిన తల అలసటగా తోస్తుంది. డబ్లిన్ చిత్రములో ఆలకించుటగా తోస్తుంది. సందర్భము మారితే భావము మారుతుందను వ్యాఖ్యానశాస్త్ర సూత్రమునకు ఇంతకంటె తేటయైన పాఠము అరుదు. కాని మమ్మును ఎక్కువగా కలవరపరచినది మరొకటి. వెనుక యేసు కనబడిన తరువాతనే ఆమె మన ధ్యానమునకు తగినదైనదా? 1933కు ముందు కూడ ఆమె అక్కడనే, అదే బల్లయొద్ద నిలిచి ఉన్నది. మత్తయి 25:31-46లోని వరుస ఇందుకు భిన్నమైనది. అక్కడ అల్పులను ఆదరించినవారికి, తాము ఎవరిని ఆదరించారో అప్పటికి తెలియదు.

చిత్రకారుని గూర్చియు మెలకువ అవసరము. నాటి సెవిల్‌లో ఆఫ్రికా సంతతివారు అనేకులు దాసులుగా ఉండేవారు. వెలాస్కెస్ సహితము హువాన్ దె పరేహా అను చిత్రకారుని దాసునిగా ఉంచుకొని, 1650లో రోమాలో విడుదల పత్రము వ్రాసి ఇచ్చాడు. ఒక మనిషి ముఖమును ఇంత శ్రద్ధగా చూడగలిగిన కన్ను, మనుష్యులను సొత్తుగా ఎంచిన వ్యవస్థలోనే హాయిగా జీవించింది. కళాదృష్టి దానంతట అదే నీతి కాదు. కావున ఈ చిత్రమును మెచ్చుకొనుటతో మన పని ముగియదు.

మన కూటములలోను, ప్రేమవిందులలోను పొయ్యిల దగ్గర ఉండి, లౌడ్‌స్పీకరు ద్వారా మాత్రమే వాక్యము వినే స్త్రీలు ఉన్నారు. వారికి వాక్యము ఎలా వినబడుచున్నదో మన ప్రసంగ తరగతులలో అరుదుగా అడుగుతాము. ఈ చిత్రమును సంఘములో చూపదలచిన సేవకులకు మా సలహా ఇది: మొదట ఎమ్మాయు పేరు చెప్పవద్దు. కొన్ని నిమిషములు ఆ స్త్రీని, ఆమె చేతులను, ఆమె పాత్రలను చూడనివ్వండి. పిమ్మట వాక్యభాగము చదవండి. ఆ తరువాత, వంటచేసిన వారిని పిలిచి వారు ఏమి విన్నారో అడగండి.