వారం కబురు: బడి నుంచి ఇంటికి

ప్రాథమిక పాఠశాలలో తరగతి టీచరు వారానికోసారి తల్లిదండ్రులకు పంపే సమాచారమే వారం కబురు. ఆ వారం పిల్లలకు ఏం నేర్పారు, వాళ్లు ఎక్కడ తడబడ్డారు, ఇంట్లో వాళ్లను ఏం అడగాలి, వచ్చే వారం ఏం మొదలవుతుంది అన్న నాలుగు సంగతులు చాలు దానికి. కొన్ని బళ్లలో అది డైరీలో రాసిన అరపేజీ, కొన్నింట్లో గేటు పక్క నల్లబల్ల, ఇప్పుడు ఎక్కువచోట్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజి. దీనికి చట్టం ఆధారం కూడా ఉంది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ టీచరు విధుల్లో ఒకటిగా దీన్ని చెప్పింది: తల్లిదండ్రులను క్రమం తప్పకుండా కలుస్తూ బిడ్డ హాజరు, నేర్చుకునే శక్తి, నేర్చుకోవడంలో వచ్చిన ప్రగతి వాళ్లకు తెలియజేయాలి. ఎన్నాళ్లకోసారి, ఏ మాటల్లో అన్నది మాత్రం టీచరు చేతిలోనే ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లోని పలమనేరు, పుంగనూరు, కుప్పం, మదనపల్లె ప్రాంతంలో బడికీ ఇంటికీ మధ్య మాట నడవడం కొత్త కాదు. పాత వీధిబడి అరుగు మీదో చెట్టు కిందో, నలుగురి కళ్లెదుటే నడిచేది. బిడ్డ ఇసుకలో అక్షరం దిద్దుతున్నాడో, ఎక్కాలు వల్లిస్తున్నాడో దారిన పోయేవాళ్లకు వినిపించేది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల వారీగా దేశీయ బళ్ల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. జవాబుగా 1823లో బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ పంపిన నివేదికలో ఇలాంటి బళ్ల తీరు వివరంగా ఉంది: అయిదేళ్లకు అక్షరాభ్యాసం, ఇసుకలో వేలితో రాత, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పే పద్ధతి. అదే బళ్లు దసరా వచ్చేసరికి ఊరంతా తిరిగేవి. అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకుని, విల్లంబులు పట్టించి, ఇంటింటి ముందూ పద్యాలు చదివించేవాడు. ఇంటివాళ్లు అయ్యవారికి సంభావన, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవాళ్లు. అయ్యవారి బతుకుతెరువు కోసం పుట్టిన ఆచారమే అయినా, తన బిడ్డ నాలుక ఎంత తిరుగుతోందో తల్లి గుమ్మంలో నిలబడి స్వయంగా వినే రోజు అది. ఏడాదికి ఒక్కసారే రావడం దాని లోటు.

తర్వాత వచ్చిన సర్కారు బడికి ప్రహరీ వచ్చింది, పరీక్ష వచ్చింది, ప్రగతి పత్రం వచ్చింది. పత్రంలో అంకెలుంటాయి. అరవైకి ముప్పై ఒకటి అని రాసి ఉంటే బిడ్డకు గుణింతం రాలేదో, ఒత్తు దగ్గర ఆగిపోయిందో, ప్రశ్నే అర్థం కాలేదో అమ్మకు తెలియదు. మిగిలిన రోజుల్లో బడి నుంచి పిలుపు వచ్చిందంటే దెబ్బలాటో, గైర్హాజరో, ఆధార్ కాగితమో అయి ఉంటుంది. అందుకే చాలా ఇళ్లలో బడి మాట అనగానే ముందు భయం పుడుతుంది. ఆ భయం తీరాలంటే ఫిర్యాదు లేని వారాల్లో కూడా కబురు రావాలి. వారం వారం అన్న నియమానికి అసలు కారణం ఇదే.

కబురు ఎలా రాయాలన్నదానికంటే ముందు తేలాల్సింది, రాయడానికి టీచరు దగ్గర ఏం ఉందన్నది. పాఠం ఎంతవరకు అయిందో చెప్పడం తేలిక. ఇరవైఅయిదు మందిలో ఏ బిడ్డ ఎక్కడ ఉన్నాడో చెప్పడం కష్టం. ఈ కష్టానికి దేశంలోనే పేరొందిన జవాబు ఒకటి ఈ ప్రాంతంలోనే తయారైంది. మదనపల్లెకు దగ్గర్లోని ఋషి వ్యాలీ, జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనల మీద నడిచే విద్యాసంస్థ. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల ఏకోపాధ్యాయ బళ్ల కోసం ఒక పద్ధతి కట్టారు. ఒకే గదిలో ఒకటి నుంచి అయిదో తరగతి దాకా పిల్లలున్నప్పుడు అందరికీ ఒకే పాఠం కుదరదు. అందుకని పాఠ్యపుస్తకాన్ని కార్డులుగా విడదీశారు. కార్డులను మైలురాళ్లుగా గుంపు చేసి, మైలురాళ్లన్నిటినీ వరుసగా ఒక నిచ్చెన బొమ్మ మీద పెట్టారు. ప్రతి మైలురాయిలో పరిచయం చేసే కార్డు, సాధన కార్డులు, నేర్చుకున్నదీ లేనిదీ తేల్చే కార్డు, రాకపోతే మళ్లీ నేర్పే కార్డు ఉంటాయి. బిడ్డ బొమ్మగుర్తు చూసి తన కార్డు తనే తెచ్చుకుంటుంది. కొందరు టీచరు పక్కన, కొందరు తోటిపిల్లలతో, కొందరు ఒంటరిగా పనిచేస్తారు. బిడ్డ నాలుగు రోజులు బడికి రాకపోయినా తిరిగొచ్చాక ఆగిన మెట్టు దగ్గరే మొదలుపెడుతుంది. సుగుటూరు గంగమ్మ జాతర వారమో, కోతల వారమో బళ్లు పలచబడే ఊళ్లకు ఇది చిన్న మేలు కాదు.

1990ల నుంచి ‘స్కూల్ ఇన్ ఎ బాక్స్’ అన్న పేరుతో ఈ సామగ్రి ఇతర ప్రాంతాలకు వెళ్లింది. కర్ణాటకలో 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటెలో మొదలైన ‘నలి కలి’, తమిళనాడులో 2003లో చెన్నై కార్పొరేషన్ బళ్లలో మొదలైన కృత్యాధార బోధన, రెండూ ఇక్కడి నుంచి ప్రేరణ తీసుకున్నవే. కుప్పానికి ఇరుపక్కలా ఉన్న రెండు రాష్ట్రాలూ ఈ నేల మీద పుట్టిన పద్ధతిని సర్కారు బళ్లలోకి తీసుకోవడం ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకోదగ్గ సంగతి.

వారం కబురుకు నిచ్చెన చేసే సాయం ఏమిటంటే, గోడ మీద ఉన్న బొమ్మ దగ్గర నిలబడి ‘సోమవారం ఇక్కడ ఉన్నాను, ఇప్పుడు ఇక్కడికొచ్చాను’ అని బిడ్డే చూపించగలదు. అక్షరం రాని అవ్వకు కూడా అది అర్థమవుతుంది. ఋషి వ్యాలీ పల్లెబళ్లు జరిపే మెట్రిక్ మేళాలో పిల్లలు ఊరివాళ్లకు ఎత్తులు, బరువులు కొలిచి చెబుతారు, అంగళ్లు పెట్టి లెక్క చూస్తారు. బిడ్డకు కిలో, లీటరు, మీటరు వచ్చాయో లేదో తల్లి ఆ అంగడి దగ్గరే తేల్చుకుంటుంది.

కార్డుల పద్ధతి లేని మామూలు తరగతిలోనూ ఇదే పని ఒక నోటుపుస్తకంతో సాగుతుంది. రోజుకు అయిదుగురు పిల్లల దగ్గర కాసేపు కూర్చుని, ఒక పేరా చదివించి, ఒక లెక్క చేయించి, చూసింది ఒక్క వాక్యంలో రాసుకుంటే శుక్రవారానికి తరగతి పూర్తవుతుంది. ‘బాగా చదువుతున్నాడు’ అన్న వాక్యం పనికిరాదు. ‘ఒత్తు వచ్చినచోట ఆగి, బొమ్మ చూసి ఊహించి చెబుతున్నాడు’ అన్నది పనికొస్తుంది. కబురు నాణ్యత అంతా ఈ నోటుపుస్తకంలో ఉంటుంది. అది ఖాళీగా ఉంటే ఎంత అందంగా రాసినా కబురులో ఏమీ ఉండదు.

రెండో తరగతికి ఒక వారం కబురు ఇలా ఉండవచ్చు:

‘అమ్మానాయనలకు నమస్కారం. ఈ వారం పది దాటితే చేతికొచ్చే కూడికలు మొదలుపెట్టాం. పిల్లలు చింతగింజలు పదేసి కుప్పలు పెట్టి లెక్క చేశారు. ఒకట్లూ పదులూ తారుమారు చేసేవాళ్లు ఇంకా కొందరున్నారు కాబట్టి వచ్చే వారమూ ఇదే చేస్తాం. ఇంట్లో గింజలిచ్చి, ఇరవై ఎనిమిదికి అయిదు కలిపి చూపించమని అడగండి. ఎలా చేశారో వాళ్లనే చెప్పనివ్వండి. తెలుగులో ఒత్తు పదాలు చదువుతున్నాం. ఇంట్లో చేసే ఒక వంట ఎలా చేస్తారో సోమవారానికి అవ్వనో అమ్మనో అడిగి తెలుసుకుని రమ్మన్నాం.’

ఇందులో ఒక్క బిడ్డ పేరూ లేదు, పొగడ్తా లేదు. ‘స్థానవిలువ’ అన్న పుస్తకం మాట కూడా లేదు, చింతగింజల కుప్పలున్నాయి. అన్నిటికంటే బరువైన వాక్యం, ఇంట్లో అడగమన్న ప్రశ్న. ‘ఈరోజు ఏం చెప్పారు?’ అని అడిగితే ఏ బిడ్డైనా ‘ఏం లేదు’ అంటుంది. ‘ఇరవై ఎనిమిదికి అయిదు కలిపి చూపించు’ అంటే గింజలు చేతికి తీసుకుంటుంది. తల్లికి జవాబు చెప్పాల్సిన పని లేదు, చూస్తే చాలు. చదువుకోని తల్లిని కూడా చదువులో భాగం చేసేది ఆ ఒక్క వాక్యమే.

ప్రశ్నలకు ఇక్కడ కొదవ లేదు. పాలకేంద్రంలో పొద్దున పోసిన పాలెన్ని, సాయంత్రం పోసినవెన్ని? టమోటా బాక్సులు బండికి ఎన్ని వరసలు, వరసకు ఎన్ని? పట్టుపురుగు ఎన్నిసార్లు నిద్రపోతుంది? పలమనేరు మట్టిబొమ్మలు చేసే ఇంట్లో బంకమన్నులో ఏం కలుపుతారు? కౌండిన్య అభయారణ్యం అంచు ఊళ్లలో ఏనుగు పాఠం వచ్చిన వారం, నాయన చేలో చూసిన అడుగుజాడ ఎంత వెడల్పో అడిగి రమ్మంటే, పుస్తకంలో లేని కొలత తరగతికి వస్తుంది.

ఇక చేరవేయడం. ఇక్కడ రాతకంటే నోటిమాటకే బలం ఎక్కువ. కుప్పం నుంచి ఎంతోమంది రోజూ రైలెక్కి బెంగళూరు పనులకు వెళ్తారు. సాయంత్రం బిడ్డను చూసుకునేది అవ్వా తాతలు. సరిహద్దు ఊళ్లలో ఇంట్లో తమిళమో కన్నడమో ఉంటుంది, పట్టణాల్లో ఎన్నో ఇళ్లలో ఉర్దూ. తెలుగులో రాసిన మెసేజి ఫోనులోనే ఉండిపోతుంది. ఒకటిన్నర నిమిషం గొంతు రికార్డు చేసి పంపితే రైల్లో ఉన్న నాయన వింటాడు, ఇంటి దగ్గర అవ్వా వింటుంది. ఫోను లేని ఇంటికి, కబురును బిడ్డ చేతే గట్టిగా చదివించాలి. అది చదువు సాధన కూడా అవుతుంది. ఎదురెదురు పేజీల్లో తెలుగూ ఇంగ్లిషూ ఉన్న పాఠ్యపుస్తకమైతే, పేజీ నంబరు చెబితే తెలుగు చదవగల అమ్మ ఇంగ్లిషు పాఠాన్నీ అందుకోగలదు.

నోటిమాట బలానికి బయటి రుజువు ఉంది. 2020లో కోవిడ్ వల్ల బళ్లు మూతపడ్డప్పుడు బోట్స్వానాలో మూడు నుంచి అయిదో తరగతి పిల్లల ఇళ్లకు వారం వారం లెక్కలు పంపారు. కొందరికి ఎస్ఎంఎస్ మాత్రమే పంపారు, కొందరికి దానితోపాటు ఫోను చేసి మాట్లాడారు. ఫోను కలిసిన ఇళ్లలో పిల్లల లెక్కలు మెరుగయ్యాయి, ఎస్ఎంఎస్ ఒక్కటే వెళ్లినచోట చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2015లో అమెరికా పరిశోధకులు క్రాఫ్ట్, రోజర్స్ ప్రచురించిన మరో ప్రయోగంలో, తప్పిన సబ్జెక్టును వేసవిలో మళ్లీ చదివే హైస్కూలు పిల్లల ఇళ్లకు వారానికి ఒక్క వాక్యం వెళ్లింది. తప్పేవాళ్లు 41 శాతం తగ్గారు. పొగిడిన వాక్యంకంటే, ఏం సరిదిద్దుకోవాలో చెప్పిన వాక్యమే ఎక్కువ పనిచేసింది. ప్రశంసతో నింపేసే గ్రూపు మెసేజిలు రాసేవాళ్లు ఈ చివరి సంగతి గమనించాలి.

అయితే సరిదిద్దుకోవాల్సింది నలుగురిలో చెప్పకూడదు. తరగతి సంగతి గ్రూపులో, బిడ్డ సంగతి ఆ ఇంటికే. ర్యాంకుల పట్టిక, వెనకబడినవాళ్ల పేర్లు, ఒక్కరి నోటుపుస్తకం ఫోటో గ్రూపులో పడితే ఆ బిడ్డకు ఊరంతా తెలిసిన అవమానమవుతుంది. మర్నాటి నుంచి ఆ ఇల్లు గ్రూపు చూడదు.

కబురు ఒకవైపే నడిస్తే సగమే. చట్టప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం స్త్రీలు. కానీ కమిటీ సమావేశంలో నోరు విప్పని తల్లి, కబురు కింద జవాబుగా ఎన్నో చెబుతుంది: రాత్రి దగ్గు, కొత్తగా పుట్టిన చెల్లెలు, నాయన ఊళ్లో లేకపోవడం, గింజల లెక్క తాతకంటే ముందే చేయడం. ఆ జవాబులు సోమవారం నోటుపుస్తకంలోకి చేరితే వచ్చే కబురు మెరుగవుతుంది. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బళ్లలో ఒకేరోజు జరిగిన మెగా తల్లిదండ్రుల సమావేశం, మళ్లీ 2025 జూలై 10న జరిగినది, లక్షల కుటుంబాలను బడి లోపలికి రప్పించాయి. ఏడాదంతా కబురు అందిన తల్లి ఆ రోజు వచ్చి మార్కుల గురించి కాక ఒత్తుల గురించి అడుగుతుంది.

దీనికి టీచరు సమయం ఖర్చవుతుంది. అయిదు తరగతులూ ఒక్కరే చూసే బడిలో వారానికి అయిదు కబుర్లు అసాధ్యం. అక్కడ బడి మొత్తానికి ఒకే కబురు చాలు, ఒక్కో వారం ఒక్కో తరగతికి ఎక్కువ చోటిస్తూ. హాజరు, మధ్యాహ్న భోజనం, యాప్‌లలో ఎక్కించే వివరాల నడుమ ఇంకో రిజిస్టరుగా దీన్ని పై నుంచి రుద్దితే, నాలుగు వారాల్లో అన్ని బళ్లలోనూ ఒకే మెసేజి తిరుగుతుంది. ఫార్మాటు ఇవ్వకుండా, శుక్రవారం చివరి పీరియడు ఇవ్వడం అధికారులు చేయగల మేలు.

ఏడాది చివర నోటుపుస్తకం పారేయకూడదు. తరగతి మారినప్పుడు దాన్ని పై టీచరుకు ఇవ్వాలి. పని కోసం బెంగళూరుకు వలస వెళ్లే కుటుంబమైతే ఆ బిడ్డ గురించి రాసుకున్న వాక్యాలు ఒక కాగితం మీద ఎక్కించి టీసీతోపాటు తల్లి చేతికి ఇవ్వాలి. కొత్త బడిలో మొదటి రోజు బిడ్డను ఏ పాఠం దగ్గర కూర్చోబెట్టాలో ఆ కాగితం చెబుతుంది.