ధాన్యవిశేషము, శాకవిశేషము: కావ్యములందలి పైరుపేర్ల విచారణము

మన నిఘంటువులయందును కావ్యవ్యాఖ్యానములయందును పదేపదే కానవచ్చు మాటలు రెండు గలవు. అవి ‘ధాన్యవిశేషము’, ‘శాకవిశేషము’ అనునవి. కవి యొక పైరు పేరు చెప్పును. వ్యాఖ్యాత దానిని ఒక ధాన్యవిశేషమని వ్రాసి తరువాతి పదమునకు పోవును. ఆ పేరు తెలియకున్నను పద్యమునకు లోపము రాదని విద్యార్థి భావించును. ఈ యలవాటువలన మరుగుపడుచున్నది ఒక్క పదార్థము మాత్రమే కాదు, పద్యమందలి లోకజ్ఞానము కూడనని మా యభిప్రాయము. సేద్యమునకును అన్నమునకును పైరుల వైవిధ్యము ఎట్టి యాధారమో మన కావ్యములు చెప్పుచునే యున్నవి. మన విమర్శ వినకున్నది. ఇబ్రహీంపట్నపు నేలను దృష్టియందుంచుకొని ఈ విషయమును విచారింతము.

రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నము గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా (1550–1580) పేర వెలసినది. తెలుగు కవులు మల్కిభరాముడని కొనియాడిన ప్రభు వీతడే. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఈతనికే అంకితమిచ్చెను. ఊరి పెద్దచెరువును ఈతని కాలపుదే. చెరువు క్రింద వరి. చెరువునీ రందని ఎర్రచల్కలలో వానను నమ్మిన జొన్న, కంది, ఆముదము. తెలంగాణపు రెవెన్యూ పరిభాషలో మొదటి నేల తరి, రెండవది ఖుష్కి. ఈ విభజన సాహిత్యమునందును గలదు. ఆస్థానకవిత్వము చాలవరకు తరిని పాడినది. ఖుష్కివైపు పోవలసివచ్చినప్పుడు ముఖము చిట్లించినది.

ఇందు కుదాహరణములు సుప్రసిద్ధములు. క్రీడాభిరామమున ఓరుగంటి పూటకూటియింటి భోజనమును వర్ణించుచు కవి అన్నమని ఊరకుండలేదు. కప్పురభోగి యని వరిలో జాతిని పేర్కొనెను. శ్రీనాథునివిగా వాడుకలోనున్న పల్నాటి చాటువులలోనో, ఎంతవానికైనను అచ్చట జొన్నకూడే గతియను ఎత్తిపొడుపు మాత్రమే యున్నది. వరిలో వాసనవరకు భేదము నెరిగిన నాలుకకు జొన్న యంతయు నొక్కటియే యైనది. మెట్టరైతు కట్లు కాదు. అతనికి పచ్చజొన్న వేరు, తెల్లజొన్న వేరు. పునాసకు విత్తునది వేరు, యాసంగికి విత్తునది వేరు. రొట్టెకు మేలైనది వేరు, గటుకకు మేలైనది వేరు. చాటువులందలి హాస్యమును మేమును మెచ్చుకొందుము. కాని అది పరదేశి భోక్త చూపు, సేద్యగాని చూపు కాదని విమర్శకుడు చెప్పక తప్పదు.

ఈ చూపునకు భిన్నమైన దృష్టి ఆముక్తమాల్యదయందు గలదు. వర్షర్తువర్ణనమున కృష్ణరాయలు మెట్టపల్లెల రెడ్ల తిండిని చెప్పుచు గురుగు, చెంచలి, తుమ్మి, లేతతగిరిస, చింతచిగురు కలిపి నూనెతో వండిన కూరను, దానితోడి ఆరికకూటిని వర్ణించెను. రాయల సూక్ష్మపరిశీలనకు దీనిని నిదర్శనముగా చూపుట విమర్శకులకు పరిపాటి. అంతకుమించిన యంశ మిందు గలదు. ఈ కూరలో విత్తి పెంచిన యాకు ఒక్కటియు లేదు. చింతచిగురు చెట్టునుండి వచ్చినది. తక్కిన నాలుగును వానకు చేలగట్లను, పైరునడుమను తమంత మొలచునవి. కొత్తపంట యింకను చేతికి రాని ఆ వానకారున ఇంటిని పోషించునవి ఇవియే. అనగా పొలమందు పైరొక్కటియే తిండి కాదనియు, కలుపని మన మనుదానిలో సగము కూరయే యనియు రాయ లెరుగును. గురుగను పేరును, బతుకమ్మ పేర్పున కెక్కు గునుగను పేరును ఒకే మొక్కవని మా యభిప్రాయము. ఇబ్రహీంపట్నపు ఆడపడుచు పండుగనాడు చేనిగట్టున కోయు పువ్వు కావ్యమున కూరయై కూర్చున్నది. కలుపుమందు చల్లిన చేనిలో ఆ కూరయు ఉండదు, పువ్వును ఉండదు.

‘ధాన్యవిశేషము’ అని దాటవేసిన వానిలో నీవార మొకటి. తెలుగున దీనిని నివ్వరి యందురు. ఋష్యాశ్రమవర్ణనములందు ఇది అలంకారమాత్రమని మనము చదువుచున్నాము. 1965లో శర్మ, శాస్త్రి యను భారతీయ శాస్త్రజ్ఞులు ఒక అడవివరికి ఈ పేరునే స్వీకరించి ‘ఒరైజా నివారా’ యని నామకరణము చేసిరి. 1970 ప్రాంతమున ఆసియాఖండపు వరికి గ్రాసీ స్టంట్ అను వైరస్ తెగులు సోకగా, ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరిపరిశోధనసంస్థవారు 6,000కు పైగా నమూనాలను పరీక్షించిరి. తెగులును తట్టుకొను గుణము ఉత్తరప్రదేశమునుండి వచ్చిన నీవారపు నమూనా ఒక్కదానియందు మాత్రమే కానవచ్చెను. ఆ గుణమును సాగువరులలోనికి తెచ్చి పైరును కాపాడిరి. ఆశ్రమమృగములు మేసినదని కవులు చెప్పిన గడ్డి కోట్ల జనుల కంచములను నిలిపినది.

ఇక మెట్టచేనిని చూతము. జొన్నలో కంది సాళ్లు వేయుట పూర్వాచారము మాత్రము కాదు. జొన్న మూడు నాలుగు నెలలలో కోతకు వచ్చును. కంది అయిదారు నెలలు నిలుచును. జొన్న వేరులు పైమట్టిని, కంది వేరులు లోతుమట్టిని ఆశ్రయించును. కంది గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. రాల్చిన యాకు ఎరువగును. తొలివాన తప్పినచో మలివానకు కందియైన దక్కును. ఈ భద్రత నేడు సన్నగిల్లుచున్నది. ప్రపంచ ఆహార వ్యవసాయసంస్థ 2019లో ప్రకటించిన నివేదికననుసరించి, మానవులు తిండికై సాగుచేసిన మొక్కలు సుమారు 6,000 జాతులు. వానిలో చెప్పుకోదగినంత పండించునవి 200కు లోపు. మొత్తము పంటలో 66 శాతము కేవలము 9 జాతులదే.

మన భాషాశాస్త్రజ్ఞు లీ రంగమున గొప్పపని చేసిరి. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశపు తొలిసంపుటము వ్యవసాయపదములదే. పదములను రైతుల నోటినుండియే సేకరించుట దాని ఘనత. అయితే దాని లక్ష్యము పదము, విత్తనము కాదు. విత్తనమును దాచువారు వేరుగా గలరు: పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్, రాజేంద్రనగరులోని జాతీయ వృక్షజన్యువనరుల సంస్థ ప్రాంతీయకేంద్రము. అచ్చట శీతలగదులలో విత్తనము నిలుచును, కాని దానిని పిలిచిన పేరును, వండిన తీరును నిలుచుట అరుదు. కోశమున పేరు, గదిలో గింజ; రెంటిని కలిపి ఉంచునది చేను మాత్రమే. జహీరాబాదు ప్రాంతమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళారైతులు తమ పాతపంటల జాతరలద్వారా చేసి చూపినది ఇదియే. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధికార్యక్రమమువారి ఈక్వేటర్ బహుమతి లభించినది.

ఇది గతమును మోహించుట యని కొంద రాక్షేపింపవచ్చును. అధికదిగుబడి వంగడములు ఆకలిని తగ్గించిన మాట సత్యము. దానిని మేము కాదనము. కాని ఆ వంగడములకు తెగులు సోకినపుడు మందు దొరకినది పాతగింజలోనే యని నీవారమే చెప్పుచున్నది.

కనుక పరిశోధకులకు మా మనవి యిది. కావ్యమున పైరుపేరు తగిలినపుడు ‘విశేషము’తో తృప్తిపడక, ఆ పేరు నేడే యూర వాడుకలో నున్నదో, ఏ కార్తెలో విత్తుదురో, ఎట్లు వండుదురో అడిగి, గింజతో సహా వ్రాసికొనవలెను. ఇబ్రహీంపట్నమువంటి చోట ఈ పనికి వ్యవధి తక్కువ. ఆదిభట్లవైపు పొలములు పరిశ్రమలును ఇండ్లస్థలములును అయినవి. పచ్చజొన్నను కంటితో గుర్తించి పేరుపెట్టి పిలువగల ముసలమ్మలు ఇంకను కొందరున్నారు. వారి పలుకు మన వ్యాఖ్యానమున కెక్కనిచో, రేపటి నిఘంటువున జొన్నయు ‘ఒక ధాన్యవిశేషము’ కాగలదు.